సంతకానికి ముందు సవారీ

మా ఇంట్లో ఒక శాసనం ఉంది. రాగిరేకు మీద చెక్కించలేదు గాని, అంత గట్టిదే. "ఎవరికీ పూచీ సంతకం పెట్టరాదు" అన్నది ఆ శాసనం.

దీనికి కారణం ఒక లారీ. 1991లో మా నాన్నగారి స్నేహితుడొకాయన పాత లారీ కొనబోతూ, అప్పుకి హామీ ఉండమని అడిగాడు. నాన్నగారు ఆ లారీలో డ్రైవరు పక్కన కూచుని ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. ముందుకట్టిన బంతిపూల దండా, వేలాడే నిమ్మకాయలూ, స్నేహితుడి మొహంలో వెలుగూ చూసి సంతకం చేశారు. రెండేళ్ళు తిరక్కుండా లారీ షెడ్డు చేరింది. స్నేహితుడు ఊరు విడిచాడు. కాలవకింద ఎకరంన్నర భూమి మాది కాకుండా పోయింది. ఆ తరవాత ఎవరైనా కాగితం పట్టుకుని మా గుమ్మం తొక్కితే చాలు, మా అమ్మ వంటింట్లోంచి "ఏమిటా కాగితం?" అని కేక వేసేది. అమ్మ పోయాక ఆ కేక సర్వహక్కులతోనూ మా ఆవిడకి సంక్రమించింది.

అటువంటి ఇంటికి 2025 మార్చిలో ఒక శనివారం పొద్దున్న మా పాత శిష్యుడొకడు ఒక చేత్తో మల్లెపూల పొట్లం, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని వచ్చాడు. పూలు మా ఆవిడకి, కాగితం నాకు.

ఈ శిష్యుణ్ణి గురించి రెండు మాటలు చెప్పాలి. బి.ఏ.లో నా దగ్గిర తెలుగు చదివాడు. పద్యానికి అర్థం చెప్పమంటే తల గోక్కునేవాడు. గణాలు విడగొట్టమంటే మాత్రం ఎన్నడూ తప్పు పోలేదు. గురువులూ లఘువులూ వేళ్ళ మీద లెక్కపెట్టి, యతి ఎక్కడ పడిందో చెప్పి కూచునేవాడు. కవి అవుతాడని నేను ఆశపడలేదు గాని, గుమస్తా అవుతాడనుకున్నాను. అతను పూల వ్యాపారి అయ్యాడు. తెల్లవారుజామున కడియపులంక మార్కెట్టులో పూలు కొని, రాజమహేంద్రవరంలో దుకాణాలకూ గుళ్ళకూ, అటు రావులపాలెంలో దుకాణాలకూ చేరవేస్తాడు. తల్లి ఇంటి దగ్గిర దండలు కడుతుంది. ఇంతవరకూ డీజిలు బండి ఒకటి అద్దెకి తీసుకుని తిప్పుతున్నాడు.

"సొంతబండి కొనుక్కుందామనుకుంటున్నానండి, ఆయ్! కరెంటు బండి" అన్నాడు. "అప్పిచ్చే కంపెనీవాళ్ళు జీతం ఉన్నవాళ్ళెవరైనా పూచీ ఉండాలన్నారండి. నాకు మీరు తప్ప ఎవరూ లేరు మాస్టారూ."

వంటింట్లోంచి రావలసిన కేక రానే వచ్చింది.

"బండి చూడకుండా ఏం చెప్పను నాయనా?" అన్నాను. అది తప్పించుకోడానికి అన్నమాట. అతను దాన్ని నిజం పట్టుకున్నాడు. "అయితే రేపు ఆదివారం మీరే నడిపి చూడండి. కంపెనీవాళ్ళు ఇస్తారు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కాలేజీ స్టాఫు రూములో భౌతికశాస్త్రం మాస్టారిని పట్టుకున్నాను. ఆయనకి ఇలాంటివంటే ప్రాణం. మన రోడ్ల మీద చిన్న సరుకుల బండికి ఒరవడి పెట్టింది 2005లో వచ్చిన టాటా ఏస్ అనీ, జనం "చోటా హాథీ" అని పిలిచేది దాన్నేననీ, దానికి కరెంటు రూపం 2022 మేలో బయటపెట్టారనీ చెప్పాడు. అందులో బ్యాటరీ 21.3 యూనిట్లట. ఒకసారి చార్జి చేస్తే 154 కిలోమీటర్లు నడుస్తుందని కాగితం మీద లెక్కట.

"అది ఎక్కువా తక్కువా?" అని అడిగాను.

"లీటరు డీజిల్లో ఉండే శక్తి సుమారు పది యూనిట్లండీ. అంటే ఈ బండి రెండు లీటర్ల డీజిలుతో సమానమైన సరుకు మాత్రమే కడుపులో పెట్టుకుని బయల్దేరుతుంది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. రెండు లీటర్లతో ఎక్కడికి పోతుంది? ఆయన నవ్వలేదు. డీజిలు ఇంజను తాగినదాంట్లో మూడింట రెండు వంతులు వేడి కింద పారబోస్తుందట. మనం బానెట్టు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది అందుకేనట. కరెంటు మోటారు నూటికి తొంభై పాళ్ళు చక్రాలకే ఇస్తుందట. తక్కువ తిని ఎక్కువ పనిచేసే జీవాలు మన ఇళ్ళల్లోనూ ఉంటారు గనక నాకు వెంటనే అర్థమైంది.

అయితే ఇదేమీ ఈనాటి వింత కాదని కూడా ఆయనే చెప్పాడు. 1900 ప్రాంతంలో అమెరికాలో కరెంటు కార్లు పెట్రోలు కార్లతో సమానంగా పోటీ పడ్డాయి. 1912లో మీట నొక్కితే స్టార్టయ్యే పెట్రోలు కారు వచ్చాక, చేత్తో హ్యాండిలు తిప్పే బాధ పోయి, కరెంటు కారు వెనకబడింది. ఇంగ్లండులో మాత్రం ఇంటింటికీ పాలు పోసే బండ్లు చాలాకాలం కరెంటువే. తెల్లవారుజామున ఎవరి నిద్రా చెడకుండా సీసాలు గుమ్మంలో పెట్టి పోయేవి. రోజూ అదే వీధి, అదే దూరం. రాత్రికి ఇంటికొచ్చి చార్జింగు. ఈ కబురు విన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. మర్నాడు పట్టించుకోవలసి వచ్చింది.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కడియపులంక చేరాను. నర్సరీ ముందు బండి నుంచుని ఉంది. ఆకుపచ్చ నంబరు పలక మీద పసుపు అక్షరాలు. కరెంటుతో నడిచే సరుకుల బండికి అదే గుర్తు. కంపెనీ పేరు మాత్రం నన్నడక్కండి. ఇది ప్రకటన కాదు.

బండి పక్కన మా శిష్యుడికీ అమ్మకాల అబ్బాయికీ తగువు నడుస్తోంది. మావాడు బండి నిండా పూలకుండీలూ, మట్టి బస్తాలూ ఎక్కిస్తున్నాడు.

"ట్రయలు ఖాళీ బండితోనే బావుంటుంది సార్!" అంటాడు అమ్మకాల అబ్బాయి.

"నేను ఖాళీ బండితో వ్యాపారం చెయ్యనండీ" అంటాడు మావాడు. కాగితం మీద ఎంత బరువు మొయ్యగలదని రాశారో అంతా ఎక్కించాడు. ఆరువందల కిలోలు. తూకం చీటీ కూడా జేబులో ఉంది.

నాకొచ్చిన సందేహం వేరు. నా దగ్గిర ఉన్నది మామూలు కారు లైసెన్సు. సరుకుల బండి నడపవచ్చునా? నడపవచ్చునట. మొత్తం బరువు 7500 కిలోలు దాటని బండికి కారు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయస్థానం అంత దయ చూపించాక నేను వెనక్కి తగ్గడం మర్యాద కాదని స్టీరింగు ముందు కూచున్నాను. క్యాబినులో ఇద్దరికే చోటు. అమ్మకాల అబ్బాయి నా పక్కన, మావాడు మోటారు సైకిలు మీద వెనక.

తాళం తిప్పాను. ఏమీ జరగలేదు. మళ్ళీ తిప్పబోయాను.

"స్టార్టయింది సార్" అన్నాడు.

"ఎప్పుడయ్యా?"

"మీరు తిప్పినప్పుడే సార్."

ఎడమకాలు క్లచ్చి కోసం వెతికింది. లేదు. చెయ్యి గేరు కోసం వెతికింది. ఉన్నదల్లా ముందుకీ వెనక్కీ నిలపడానికీ తిప్పే ఒక గుండ్రటి మర. పాతికేళ్ళ అలవాటు ఒక్క నిమిషంలో నిరుద్యోగి అయిపోయింది. కుడికాలు కాస్త ఆనించానో లేదో, ఆరువందల కిలోలూ కదిలి ముందుకి వచ్చేశాయి. డీజిలు ఇంజను వేగం అందుకుంటే గాని బలం చూపించదు. అందుకే దానికి గేర్ల మెట్లు కట్టారు. మోటారుకి నిలబడ్డచోటునుంచే పూర్తి బలం ఉంటుంది. తరగతిలో కొందరు కుర్రాళ్ళు పేరు పిలవగానే లేచి నిలబడి జవాబు చెప్తారు చూడండి, అలాగ.

జాతీయ రహదారి ఎక్కేలోపల ఒక గేదె అడ్డం వచ్చింది. డీజిలు బండి అయితే దాని గుర్రుగుర్రు విని ఆ గేదె ఎప్పుడో తప్పుకునేది. మా బండిని అది బండిగానే గుర్తించలేదు. కాస్త ముందుకి పోయాక ఒక ముసలాయన కూడా అంతే. సైకిలు నడిపించుకుంటూ తన దారిన తను పోతున్నాడు. హారను కొట్టాను. ఆయన ఉలిక్కిపడి, తిరిగి చూసి, "ఎక్కణ్ణించి ఊడిపడ్డావురా!" అన్నట్టు చూశాడు. చప్పుడు లేకపోవడం సుఖమే గాని, ఆ సుఖం బాధ్యత అంతా నడిపేవాడి కళ్ళ మీద పడుతుంది.

రోడ్డెక్కాక మాత్రం హాయిగా ఉందని ఒప్పుకోవాలి. వెనక కుండీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపిస్తోంది. జొన్నాడ దగ్గిర గౌతమి వంతెన ఎక్కుతూంటే బండి రొప్పలేదు, గొంతు మార్చలేదు. ఎదట గోదావరి గాలి. అమ్మకాల అబ్బాయి చెవిలో ఏకధారగా చెప్తున్నాడు. ఆయిలు మార్చక్కర్లేదు, క్లచ్చి ప్లేట్లు లేవు, 2018 నుంచి కరెంటు సరుకుల బండికి పర్మిటే అక్కర్లేదు. రావులపాలెం చేరేసరికి నేను దాదాపు సంతకం చేసేశాను, మనసులో.

అప్పుడు నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన కూడా ఇలాగే డ్రైవరు పక్కన గాలికి కూచున్నారు. ఆయనకీ ఆ లారీ బాగానే ఉంది.

తిరుగుదారిలో చోట్లు మారాం. మావాడు నడిపాడు, నేను పక్కన కూచున్నాను, అమ్మకాల అబ్బాయి మోటారు సైకిలెక్కాడు. మావాడు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి నా చేతికిచ్చి, "నేను చెప్పింది రాయండి మాస్టారూ" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను చెప్తే వాడు రాశాడు. ఆనాడు వాడు చెప్తే నేను రాశాను.

బయల్దేరినప్పుడు బ్యాటరీ నూటికి 92. రావులపాలెంలో 74. వంతెన దిగుతూ కాలు తీసేస్తే అంకె తగ్గడం ఆగిపోయింది. దిగుడులో చక్రాలే మోటారుని తిప్పుతాయి, మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీకి వాపసు ఇస్తుంది. చిన్నప్పుడు సైకిలు చక్రానికి డైనమో ఆనిస్తే దీపం వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. అదే సంగతి. ఇక్కడ ఆ బరువే బ్రేకు. కడియపులంక చేరేసరికి 57. పోనూ రానూ నలభై కిలోమీటర్లకి 35 పాళ్ళు ఖర్చు.

"అంటే నిండుగా చార్జి చేస్తే, పూర్తి బరువుతో 114 కిలోమీటర్లు" అన్నాడు మావాడు, స్టీరింగు మీద వేళ్ళతో లెక్కపెట్టి. ఆ వేళ్ళు నాకు పరిచయమే.

"కాగితం మీద నూటయాభై పైన ఉందికదా?" అన్నాను.

అమ్మకాల అబ్బాయి దిగి వచ్చి, "ఎండా బరువూ ఉంటే కొంచెం తగ్గుతుంది సార్. మొదట్లో మాస్టారు కొంచెం గట్టిగా తొక్కారు కూడాను" అన్నాడు. నేరం కొంత నా కాలిమీదికి వచ్చింది.

మావాడు దానికేమీ చిన్నబుచ్చుకోలేదు. "నా రోజువారీ తిరుగుడు 85 కిలోమీటర్లండి. మూడు నెలల్నించి రాస్తున్నాను. 114 వస్తే నాకు చాలు" అన్నాడు.

"పెళ్ళిళ్ళ రోజుల్లో విశాఖపట్నం ఆర్డర్లు వస్తాయన్నావుకదా?"

"అది దీంతో కాదండి. రెండొందల కిలోమీటర్లు. దానికి డీజిలు బండి కిరాయికి మాట్లాడతాను. ఏడాదికి పదిసార్లకంటె ఉండదు."

"దారిలో చార్జింగు పెట్టుకుని వెళ్ళొచ్చుగా సార్!" అని అమ్మకాల అబ్బాయి అందుకున్నాడు.

"పూలండి అవి. నేను ఆగుతాను గాని అవి ఆగవు."

ఈ ఒక్కమాటతో నా భయం సగం తగ్గిందని మనవి చేస్తున్నాను. బండి ఏం చెయ్యగలదో ఎవరైనా చెప్తారు. ఏం చెయ్యలేదో ముందే తెలుసుకుని కొనేవాడు అరుదు. నాన్నగారి స్నేహితుడు లారీ కొన్నది కలకత్తా దాకా తోలదామని. ఏ దారిన, ఏ సరుకు, ఎన్ని మైళ్ళు, ఎవరిస్తారు కిరాయి అని ఒక్క పొడి లెక్క వేసుకోలేదు.

మిగతా సగం భయం ఇంటి దగ్గిర ఉంది. ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళాం. మా ఆవిడ కాఫీ ఇచ్చి, నోటు పుస్తకం తీసుకుంది. మా ఇంట్లో పాలలెక్క, చాకలిపద్దు, పిల్లల ఫీజులు అన్నీ ఆవిడ చేతిమీదే నడుస్తాయి. కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

డీజిలు బండి లీటరుకి 18 కిలోమీటర్లు. లీటరు 97 రూపాయలు. కిలోమీటరుకి అయిదు రూపాయల నలభై పైసలు. కరెంటు బండికి చార్జింగులో పోయే తరుగుతో సహా 24 యూనిట్లు, యూనిటు ఏడు రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకి రూపాయిన్నర. రోజుకి మిగులు 330. నెలకి ఇరవయ్యారు రోజులు తిరిగితే ఎనిమిదివేల అయిదువందల పైన. బండి ఖరీదు మాత్రం డీజిలుదానికంటె మూడు లక్షలు ఎక్కువ.

"చార్జింగు ఎక్కడ పెడతావు బాబూ?" అంది.

"ఇంటి దగ్గిరేనండి. రాత్రి ఏడుగంటలు పడుతుంది. ఇంటిగలాయన ఒప్పుకున్నాడు. విడిగా మీటరుకి దరఖాస్తు పెట్టాను."

"రాత్రి కరెంటు పోతే?"

"ముందురోజు తిరిగొచ్చేసరికి నాలుగోవంతు మిగిలి ఉంటుందండి. దాంతో పొద్దుటి మొదటి ట్రిప్పు అవుతుంది. మార్కెట్టు మధ్యాహ్నానికి కాళీ. అప్పుడు పెట్టుకుంటాను."

ఆవిడ పేజీ తిప్పింది. తరవాత, మా ముగ్గురు మగవాళ్ళలో ఒక్కడికీ తోచని ప్రశ్న వేసింది. "మా సెల్‌ఫోను రెండేళ్ళకే చార్జింగు నిలవడం మానేసింది. దీని బ్యాటరీ ముసలిదైతే ఏం చేస్తావు?"

మావాడు చివరి పేజీ తియ్యమన్నాడు. అక్కడ రాసి ఉంది. కంపెనీ హామీ ఏడేళ్ళు. తరవాత మార్చవలసివస్తే రెండు మూడు లక్షలు. అందుకని రోజూ మిగిలే 330లో వంద రూపాయలు తల్లి పేర పోస్టాఫీసులో. ఏడాదికి ముప్ఫయ్యొకవేలు. ఏడేళ్ళకి రెండు లక్షల పైచిలుకు. ఆ వంద తీసేశాక మిగిలినదాంతోనే బండి అదనపు ఖరీదు తీరాలి. అందుకు నాలుగేళ్ళ పైన పడుతుంది. "అంతకంటె ముందు లాభం లేదు" అని కింద గీతగీసి మరీ రాసుకున్నాడు.

లాభం ఎప్పటిదాకా లేదో రాసుకున్న వ్యాపారిని నేను అదే చూడడం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ బండికి పొగగొట్టం లేదు గనక పొగే లేదని అమ్మకాల అబ్బాయి అన్నాడు. అది పూర్తి నిజం కాదు. మన కరెంటులో పెద్ద భాగం బొగ్గునుంచి వచ్చేదే. విజయవాడ దగ్గిర ఇబ్రహీంపట్నంలోనూ, విశాఖ దగ్గిర సింహాద్రిలోనూ ఆ పొగ పోతూనే ఉంటుంది. అయినా, తెల్లవారుజామున పూలబుట్టల మధ్య కూచుని దండలు కట్టే ఆడవాళ్ళ మొహాన అది కొట్టకపోవడం ఒక మేలని నా అభిప్రాయం.

మా ఆవిడ పుస్తకం మూసి నాకిచ్చింది. "మామగారు లెక్క చూసి సంతకం పెట్టలేదు, మొహం చూసి పెట్టారు" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. శాసనానికి సవరణ వచ్చిందని నేను గ్రహించడానికి ఒక నిమిషం పట్టింది. కలం తెచ్చుకున్నాను.

చెయ్యి వణకలేదని చెప్పను. లెక్క ఎంత బాగున్నా, జ్వరాలుంటాయి, వరదలుంటాయి, పూలధర పడిపోయే రోజులుంటాయి. నోటు పుస్తకంలో వాటికి పేజీ లేదు. ఆ పేజీ కిందే నేను సంతకం చేసింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఈ మధ్య తెలిసినవాళ్ళు చాలామంది "కరెంటు బండి మంచిదేనా?" అని నన్నే అడుగుతున్నారు, ఒక్క ఆదివారం నలభై కిలోమీటర్లు తిరిగిన పాపానికి. నా జవాబు ఒకటే. మీ రోజువారీ దారి ఎంతో నెలరోజులు రాయండి. ఖాళీ బండి కాకుండా మీ బరువు ఎక్కించి నడపండి. వచ్చిన అంకెలో నాలుగోవంతు పక్కన పెట్టండి. మిగిలింది మీ దారికి చాలితే మంచిది, చాలకపోతే ఎంత మెత్తగా నడిచినా మీకు మంచిది కాదు. ఆ ఇంగ్లండు పాలబండ్లు అన్నేళ్ళు నిలిచింది ఈ సూత్రం మీదే.

ఏప్రిల్లో బండి వచ్చింది. శ్రావణమాసంలో శుక్రవారాలు తెల్లవారేసరికి మా గుమ్మంలో పూలపొట్లం ఉండేది. బండి వచ్చిన చప్పుడు గాని, పోయిన చప్పుడు గాని లేదు. "వచ్చినవాడికి కాఫీ ఇద్దామన్నా తెలిసి చావదు" అని మా ఆవిడ విసుక్కునేది.

ఇది రాసేనాటికి అయిదు వాయిదాలు అయ్యాయి. అప్పిచ్చిన కంపెనీ దగ్గిరనుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఆ బండిలో నాకు అన్నిటికంటె నచ్చిన నిశ్శబ్దం అదే.